లాండ్రీ గది పెద్దక్క

ఆ ఆసుపత్రికి వచ్చే రోగులకి పైనున్న అంతస్తులే తెలుసు. కింద నేలమాళిగలో ఒక లాండ్రీ ఉందని, తాము పడుకున్న తెల్లదుప్పటి అక్కణ్ణుంచే వచ్చిందని ఎవరూ అనుకోరు. మెట్లు దిగుతుంటేనే ఆవిరి ముఖానికి కొట్టేది. ఒక పక్క గుడగుడమని తిరిగే ఉతుకు డ్రమ్ములు, ఇంకో పక్క దుప్పట్లని మింగి ఇస్త్రీ చేసి కక్కే వేడి రోలరు, చివర మడతల బల్ల. బాయిలరు హోరులో పక్కనున్న మనిషితో మాట్లాడాలన్నా గొంతు చించుకోవాల్సిందే.

అక్కడి పనివాళ్ళందరికీ పైన ఉండే మనిషిని పెద్దక్క అనేవారు. వయసుని బట్టి వచ్చిన పేరు కాదది. డ్రమ్ముల దగ్గరుండే ముసలాయన ఆమెకి తండ్రి ఈడువాడు. ఆమె ఆయన్ని బాబాయ్ అనేది, ఆయన మాత్రం ఆమెని పెద్దక్కా అనే పిలిచేవాడు.

ఆ పెద్దరికం ఆమె అడిగి తెచ్చుకున్నది కాదు. అంతకుముందున్న మేస్త్రి మానేసి వెళ్ళాక సూపరింటెండెంటు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని కిందికి దిగాడు.

"మీరంతా ఎవరి మాట వింటారు?" అని అడిగాడు.

అందరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. రోలరు దగ్గరుండే రేడియో మాత్రం నోరు విప్పింది. రేడియో అంటే యంత్రం కాదు, మనిషే. నోట్లో నువ్వుగింజ నానదు కాబట్టి ఆ పేరొచ్చింది.

"మేం ఎవరి మాటా వినం సార్. కానీ ఆవిడ మా మాట వింటుంది," అంటూ మడతల బల్ల వైపు వేలు చూపించింది.

అలా మడతలు పెట్టుకునే మనిషి పెద్దక్క అయ్యింది.

ఆపరేషన్ థియేటర్ నుంచి వచ్చే మూటలంటే అందరికీ వెగటు. రక్తం ఎండి అట్టకట్టిన గుడ్డల్ని చేత్తో విడదీయాలి. ఒక్కోసారి మధ్యలో సూదులుంటాయి. పాత మేస్త్రికి ఎవరి మీద కోపమొస్తే వాళ్ళ ముందు ఆ మూట పడేది. పెద్దక్క మొదటిరోజే చేతులకి తొడుగులు వేసుకుని మొదటి మూట తానే విప్పింది. మర్నాడూ అంతే. ఎవర్నీ సాయానికి పిలవలేదు. కొన్నాళ్ళకి రెండో మూట దగ్గరికి ఎవరో ఒకరు వాళ్ళంతట వాళ్ళే వచ్చి కూర్చోవడం మొదలైంది.

ఎవరినైనా మెచ్చుకోవాలంటే మడతల బల్ల దగ్గర నలుగురిలో మెచ్చుకునేది. మందలించాలంటే బాయిలరు పక్కకి తీసుకెళ్ళేది, ఆ హోరులో మూడో మనిషికి ముక్క వినపడదు. "అక్క బాయిలరు పక్కకి పిలిస్తే పట్టే చెమట వేడికి పట్టేది కాదు," అనేది రేడియో.

తన తప్పు మాత్రం దాచుకునేది కాదు. ఒకసారి దిండు గలేబులు పోయాయని రేడియోని అనుమానించింది. అవి పిల్లల వార్డులో మంచాల కింద దొరికాయి. పెద్దక్క అందరూ భోజనానికి కూర్చున్నప్పుడు లేచి నిలబడి, "నిన్న నేను దీన్ని అనకూడని మాట అన్నాను. తప్పు నాది," అంది. రేడియో ఆ పూటంతా మాట్లాడలేదు. లాండ్రీ చరిత్రలో అదొక వింతగా చెప్పుకునేవారు.

ముసలాయనకి భుజం పడిపోయి తడిమూటలు ఎత్తలేకపోయినప్పుడు కూడా పెద్దక్క ఆ సంగతి ఎవరి దగ్గరా ఎత్తలేదు. "నీళ్ళ వేడి చూసుకుంటూ మీటలు నొక్కడం నీకే కుదురుతుంది బాబాయ్, మూటలదేముంది, ఎవరైనా మోస్తారు," అని ఎత్తే పని కండలున్న ఇద్దరు కుర్రాళ్ళకి అప్పగించింది. ముసలాయనకి అర్థమైంది. పైకి మాత్రం, "ఆ మరి, మీటలంటే మాటలా?" అన్నాడు.

అలా ఒకరి లోటు ఒకరు కప్పుకుంటూ ఏళ్ళు గడిచాయి.

ఒక ఎండాకాలం సూపరింటెండెంటు పెద్దక్కని పైకి పిలిపించి, ఎన్నడూ లేనిది, కూర్చోమన్నాడు. ఆమె కుర్చీ అంచున కూర్చుంది.

"లాండ్రీ మూసేస్తున్నాం. వానలు మొదలయ్యాక బట్టలు బయటి కంపెనీకి వెళ్తాయి," అన్నాడు.

"మావాళ్ళు?"

"ఇవ్వాల్సింది ఇచ్చి పంపిస్తాం. నువ్వు మాత్రం ఉంటావు. వచ్చే బట్టలు, పోయే బట్టలు చూసుకోవడానికి ఒక మనిషి కావాలి. కానీ ఆఖరి రోజు దాకా ఈ మాట కింద తెలియకూడదు. తెలిస్తే పని పడుకుంటుంది. అప్పుడు ఇబ్బంది నాకు కాదు, పైన మంచాల మీదున్న రోగులకి."

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. అదే ఆమెని కట్టిపడేసింది.

ఇంట్లో భర్తకి చెప్పింది. ఆయన గోడలకి రంగులు వేసేవాడు. ఊపిరితిత్తులు పాడై ఇంటిపట్టునే ఉంటున్నాడు. చాలాసేపు దగ్గి, "ఊరుకో. పెద్దరికమంటే కొన్ని కడుపులో దాచుకోవడం కూడా," అన్నాడు. ఆయన మందులు ఆమె జీతంతోనే వచ్చేవి. ఆ మాట ఇద్దరూ పైకి అనలేదు.

ఆమె ఊరుకుంది. కానీ ఊరుకున్న మనిషికి రోజూ చేసే పనే బరువైంది. రేడియో జోకు వేస్తే నవ్వు రాలేదు. కుర్రాళ్ళలో ఒకడు పెళ్ళి ముచ్చట చెబుతుంటే వినలేక మొహం తిప్పుకుంది. ఇంతలో ఒక మధ్యాహ్నం ముసలాయన సంతోషంగా దగ్గరికొచ్చాడు.

"అల్లుడింట్లో ఎన్నాళ్ళని పడుంటాను పెద్దక్కా! గది చూసుకున్నాను. చిన్నదే. కానీ తలుపుకి నా తాళం, కిటికీ పక్కన నా మంచం. రేపు మాట ఇచ్చేస్తాను."

పెద్దక్క భోజనం డబ్బా మూత పెట్టేసింది. "మాట ఇవ్వకు బాబాయ్," అంది. ఆ తర్వాత అందరినీ మడతల బల్ల చుట్టూ నిలబెట్టి, పైన విన్నదంతా చెప్పేసింది. తనని ఉంచుతామన్న సంగతి కూడా దాచలేదు. చివర, "ఆఖరిదాకా పని ఆగకూడదు. మనం ఆపితే పైన పడుకున్నవాళ్ళకి దుప్పటుండదు. ఈ ఒక్కటీ నా కోసం చెయ్యండి," అంది.

అందరూ తలూపారు. తలూపినప్పుడు నిజంగానే ఊపారు. కానీ ఆకలి ముందు మాట ఎంతసేపు నిలుస్తుంది? కండలున్న కుర్రాళ్ళు ముందుగా వేరే పని దొరకబుచ్చుకుని చెప్పకుండా మానేశారు. మిగిలినవాళ్ళు ఒకరు పొద్దున, ఒకరు సాయంత్రం పని వెతుక్కోవడానికి జారుకున్నారు. మాసిన మూటలు మెట్ల దాకా పేరుకున్నాయి. ముసలాయన పడిపోయిన భుజంతోనే తడిమూటలు లాగాడు. వద్దన్నా వినలేదు. పెద్దక్క ఆయన కళ్ళలోకి చూడలేక మొహం చాటేసింది.

చివరికి పైన ఒక రోగిని దుప్పటి లేకుండా ఉత్త రబ్బరు షీటు మీద పడుకోబెట్టారు. వాళ్ళ బంధువులు గొడవ చేశారు. సూపరింటెండెంటు ఈసారి ముక్కుకి రుమాలు కూడా లేకుండా దిగాడు.

"నమ్మి చెబితే నిలువునా ముంచావు," అన్నాడు.

వానలదాకా కూడా ఆగలేదు. అప్పటికప్పుడు బాయిలరు ఆపించి లాండ్రీకి తాళం వేశారు. పెద్దక్కకి ఇస్తామన్న పనీ పోయింది.

మెట్లెక్కి బయటికొచ్చాక ఎవరి దారిన వాళ్ళు నడిచారు. రేడియో మాత్రం గేటు దగ్గర ఆగింది.

"నువ్వు చెప్పకపోతే ఇంకొన్నాళ్ళు తిండికి లోటుండేది కాదు కదక్కా! దాచలేక నీ గుండెల మీద బరువు తీసి మా నెత్తిన పెట్టావు."

 పెద్దక్క ముసలాయన గది మాట చెప్పబోయి ఆగిపోయింది. అది నెపంలా వినిపిస్తుందనిపించింది. "అవునేమో," అని మాత్రం అంది.

అయినా ఊరుకోలేదు. కొత్త కంపెనీ ఊరి బయట ఉందని తెలుసుకుని, రెండు బస్సులు మారి వెళ్ళి, మావాళ్ళందరినీ ఒక జట్టుగా తీసుకోండని అడిగింది. అక్కడి మేనేజరు మర్యాదస్తుడు. మంచినీళ్ళిచ్చి, ఓపిగ్గా విన్నాడు. "జట్లు మాకక్కర్లేదమ్మా, మనుషులు చాలు. అదీ వయసులో ఉన్నవాళ్ళు," అన్నాడు. రేడియోని, ఇంకో ఇద్దరిని తీసుకున్నారు. పెద్దక్కకి వయసు దాటిందన్నారు. ముసలాయన సంగతి ఎత్తితే మేనేజరు నవ్వాడు. వెటకారంగా కాదు, జాలిగానే నవ్వాడు. ఆ జాలి చూశాక ఆమె ఇంకేం అడగలేదు.

ముసలాయన అల్లుడింట్లోనే ఉండిపోయాడు. ఒకసారి చూడ్డానికి వెళితే వసారాలో బట్టలారేసే తీగ కింద మంచం వేసి ఉంది. ఆయన ఆమెని గుర్తుపట్టాడు, కూర్చోమన్నాడు. ఆమె తీగ మీద ఆరిన బట్టలు తీసి మడతపెట్టి వచ్చేసింది. ఆ చలికాలంలోనే ఆయన పోయాడు. ఆ కబురు కూడా ఆమెకి ఆలస్యంగా తెలిసింది.

పెద్దక్క బజారులో ఒక ఇస్త్రీ కొట్లో కుదిరింది. రోజంతా నిలబడి పని. భర్త మందులు సగం చేసి వాడుకునేవాడు.

ఒక ఆదివారం రేడియో వెతుక్కుంటూ వాళ్ళింటికొచ్చింది. పాత కోపం ఉందో లేదో తెలియదు. ముఖం పీక్కుపోయి ఉంది. కంపెనీలో తనని ఒక వరసకి సూపర్‌వైజర్‌ని చేశారట.

"మంచిదేగా," అంది పెద్దక్క.

"ఏం మంచి! నా వరసలో ఒక పిల్ల ఉందక్కా. కడుపుతో ఉంది. ఎవరికీ చెప్పలేదు, నాకు తెలుసు. ఈ మధ్య చెయ్యి నెమ్మదించింది. దాన్ని తీసెయ్యమన్నారు, ఆ మాట నన్నే చెప్పమన్నారు. చెప్పకపోతే నా పని పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నువ్వైతే ఏం చేసేదానివి?"

పెద్దక్క ఆమె చేతులవైపు చూసింది. ఆ చేతులు మోకాళ్ళ మీద ఊరికే ఉండలేక చీర చెంగు మడతపెడుతున్నాయి, విప్పుతున్నాయి.

"నేనేం చేశానో చూశావు. ఏమైందో కూడా చూశావు," అంది.

"అందుకే కదా నీ దగ్గరికొచ్చాను."

"నన్ను అడక్కే. నాకు తెలియదు. నిజంగా తెలియదు."

 టీ ఇస్తే రేడియో తాగింది. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, "కనీసం నన్ను తిడతావనుకున్నాను," అంది. పెద్దక్క ఆమె భుజం మీద చెయ్యి వేసి, తీసేసింది.

ఆ పిల్లని తీసేశారని కొన్నాళ్ళకి బస్టాపులో ఎవరో చెబితే తెలిసింది. పనిలోకి రావద్దని ఆ పిల్లకి చెప్పింది రేడియోనా, మరొకరా అని పెద్దక్క అడగలేదు.

ఇస్త్రీ కొట్టు బాగానే నడిచింది. యజమాని పక్క గది కూడా తీసుకుని ఇంకొంతమంది ఆడవాళ్ళని పెట్టుకున్నాడు. పెద్దక్క ఎంత ఒద్దికగా పని చేస్తుందో, కొత్తవాళ్ళు ఆమె దగ్గరికే ఎలా చేరతారో ఆయన గమనిస్తూనే ఉన్నాడు.

"అమ్మా, వీళ్ళందరినీ నువ్వు చూసుకుంటే బావుంటుంది. నాలుగు రాళ్ళు ఎక్కువిస్తాను," అన్నాడు ఒకరోజు.

మందుల చీటీ ఆమె కళ్ళముందు మెదిలింది. ఇస్త్రీపెట్టె నిలబెట్టి, ముఖం తుడుచుకుంది.

"ఇంకెవరినైనా చూసుకోండి బాబూ," అని, ఇంకో చొక్కా బల్ల మీద పరిచింది.