డాక్టరే ఆడుమన్నడు

నన్ను కన్న మా అవ్వ లెక్కలో డ్యాన్స్ చేసేవాళ్లు వేరు, ఎగిరేవాళ్లు వేరు, చిందులు తొక్కేవాళ్లు వేరు, ఆడేవాళ్లు వేరు. ఈ నాలుగింటినీ కలిపి మాట్లాడే మనిషికి భాష రాదని ఆమె గట్టి నమ్మకం. నేను ఇరవై ఆరేళ్లుగా బడిలో తెలుగు చెబుతున్నాను. ఆమె దగ్గర మాత్రం ఇంతవరకు పాస్ కాలేదు.

పెళ్లి బరాత్‌లో బ్యాండు ముందు చొక్కా విప్పి గాల్లో తిప్పేవాడు ఎగురుతాడు. కూరలో ఉప్పు తక్కువైందని ఇంటి మీద పడేవాడు చిందులు తొక్కుతాడు. ఈ విద్యలో మా బాపుకు వాడకట్టంతా పేరుండేది. ఇక డ్యాన్స్ అనేది సినిమాల్లో జరుగుతుంది, లేదంటే ఆఫీసుల్లో. బెల్లంపల్లిలో బాపు బొగ్గుబాయి నుంచి రిటైరైనప్పుడు ఒక్క సంతకం కోసం ఒక గుమాస్తా ఆయన్ని టేబుల్ టేబుల్‌కూ తిప్పాడు. "ముసలోన్ని పట్టుకొని డాన్సులు చేపిస్తుండు" అని అవ్వ ఆ గుమాస్తాను నెల రోజులు తిట్టింది. బతుకమ్మను మాత్రం ఆడతారు. అది డ్యాన్స్ అని ఎవరైనా అంటే అవ్వ వాళ్లను జాలిగా చూస్తుంది.

న్యాయంగా చూస్తే ఆమె పక్షానే సామెత ఉంది. ఆడలేనమ్మ మద్దెల ఓడు అన్నదట. ఆ సామెత పుట్టిన రోజుల్లో డ్యాన్స్ అన్న మాట మన ఊళ్లకు ఇంకా బస్సెక్కలేదు.

బాపు పోయాక అవ్వ కరీంనగర్‌లో మాతోనే, మా అపార్ట్‌మెంట్‌లోనే ఉంటోంది. రెండేళ్ల కిందట వానాకాలం మొదట్లో ఆమె కుడి మోకాలు మార్పించాం. ఆపరేషన్ బాగానే అయ్యింది కానీ ఇంటికి వచ్చాక ఆమె మాట పడిపోయినట్టయింది. నొప్పి ఉందా అంటే లేదంటుంది. అన్నం తింటవా అంటే పెట్టమంటుంది. టీవీ పెడితే గోడ చూస్తుంది. తిట్టడం కూడా మానేసిందంటే మాకు ఎంత భయమేసిందో మా ఇంట్లోవాళ్లకే తెలుసు.

కుట్లు విప్పాక మళ్లీ చూపించుకోవడానికి తీసుకెళ్లాను. డాక్టరు కుర్రవాడు, కోస్తా వైపు నుంచి వచ్చినవాడు, మర్యాదస్తుడు. ఎక్స్‌రే దీపానికి పెట్టి చూసి సంతోషించాడు.

"బాగా అతుక్కుందమ్మా. రోజూ నడవండి. కింద మాత్రం కూర్చోకండి. గెంతడాలు, డ్యాన్సులు అసలు వద్దు."

అవ్వ తలెత్తింది. "డాన్సులా? నా పుట్టువుల నేనెన్నడు డాన్సు చెయ్యలే సారూ." నెల రోజుల్లో మొదటిసారి ఒక ప్రశ్న అడిగింది. "మరి ఆడచ్చునా?"

డాక్టరు నవ్వాడు. పాపం, ఆయన మనసులో పేకాటో అష్టాచెమ్మానో మెదిలి ఉంటుంది. "నిక్షేపంగా ఆడుకోండమ్మా. మనసు హుషారుగా ఉంటే మోకాలు కూడా త్వరగా కోలుకుంటుంది."

అవ్వ నా వైపు తిరిగింది. "ఇన్నవా?"

విన్నాను. ఆ గదిలో రెండు తెలుగులూ తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఆమె ఏం అడిగిందో, ఆయన దేనికి ఒప్పుకున్నాడో రెండూ అర్థమయ్యాయి. నోరు విప్పితే సరిపోయేది. విప్పలేదు. ఆమె ముఖంలో అప్పుడే వచ్చిన వెలుగును నా చేత్తో ఆర్పడానికి మనసు ఒప్పలేదు. బతుకమ్మ పండుగకు ఇంకా చాలా రోజులున్నాయి, అప్పటికి మరిచిపోతుందిలే అని కూడా అనుకున్నాను. ఆమె పదేళ్ల కిందటి కూరలో ఉప్పును కూడా మరవదన్న సంగతి మరిచిపోయాను.

ఆ సాయంత్రం నుంచే లిఫ్టులో ఎదురైన ప్రతి మనిషికీ చెప్పుకుంది. "డాక్టరే ఆడుమన్నడు." పొద్దున వరండాలో ఇరవై చుట్లు నడిచేది. ఆ చివరికి వెళ్లాక ఎవరూ చూడటం లేదనుకొని కొంచెం వంగి రెండు చప్పట్లు కొట్టి చూసుకునేది. నేను తలుపు సందు నుంచి చూసేదాన్ని. చూసి వంటింట్లోకి పోయేదాన్ని.

పండుగకు పదిహేను రోజుల ముందు మా అపార్ట్‌మెంట్ కార్యదర్శి వాట్సాప్‌లో ప్రకటన పెట్టాడు. బతుకమ్మ డ్యాన్స్ కాంపిటీషన్. గ్రూపుకు ఎనిమిది మంది. ఒకే రంగు పట్టుచీరలు. జడ్జిగారి నిర్ణయమే తుది నిర్ణయం. నేను చదివి వినిపించాను.

"బతుకమ్మ డాన్సు ఏంది బిడ్డా? పేలాలతోని పులుసు అన్నట్టున్నది."

నేర్పడానికి ఒక డ్యాన్స్ మాస్టర్‌ను కూడా మాట్లాడారు. అతను రోజూ సాయంత్రం కింద కార్లు పెట్టే చోట ఆడవాళ్లను రెండు వరసలుగా నిలబెట్టి, "వన్ టూ త్రీ ఫోర్, స్మైల్" అనేవాడు. అవ్వ కుర్చీ వేయించుకొని నాలుగు రోజులు చూసింది. ఐదో రోజు అతన్ని పిలిచింది.

"బిడ్డా, వీళ్లు గిట్ల వరసల నిలవడితే బతుకమ్మను యాడ వెడ్తరు?"

"ఎనుక స్టేజీ మీద పెడ్తం అవ్వా. డెకరేషన్‌కు."

"అంటే బతుకమ్మకు ఈపు తిప్పి ఆడుతరా?"

"రౌండ్‌గా తిరిగితే సగం మందికి మొఖం కనవడదు గదా. జడ్జి మార్కులు ఎట్లేస్తడు?"

అవ్వ తల ఊపింది. "ఔ మల్ల. బతుకమ్మకు మొఖం సూపిచ్చి ఏం ఫాయిద, మార్కులేస్తదా ఏమన్ననా" అని కర్ర పట్టుకొని లేచింది.

పండుగ చివరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు, సాయంత్రం ఐదింటికి కార్యక్రమం. తంగేడు, గునుగు, బంతి పూలతో పేర్చిన పదమూడు బతుకమ్మలు స్టేజీ మీదికెక్కాయి. మూడు గ్రూపులు మూడు రంగుల చీరల్లో సిద్ధమయ్యాయి. జడ్జి రాలేదు. ఆరయింది. జడ్జి రాలేదు. ఆడవాళ్లు కూర్చుంటే కుచ్చిళ్లు నలుగుతాయని నిలబడే ఉన్నారు. పిల్లలు ఏడుస్తున్నారు. డీజే కుర్రవాడు "హలో, చెక్, చెక్" తప్ప ఇంకేమీ అనడం లేదు. కార్యదర్శి ఫోన్ చెవికి పెట్టుకొని గేటుకూ స్టేజీకీ నడుమ తిరుగుతున్నాడు. నిజం చెప్పాలంటే ఆ పూట డ్యాన్స్ చేసింది ఆయనొక్కడే.

అవ్వ కుర్చీలోంచి లేచింది. స్టేజీ దగ్గరికి పోయి, "గా సిన్న బతుకమ్మను ఇటియ్యి" అని వాచ్‌మన్ భార్యను అడిగింది. ఆమె దించి నేల మీద పెట్టింది. కర్రను నా చేతికిచ్చి అవ్వ పాట ఎత్తుకుంది. వాచ్‌మన్ భార్య అందుకుంది. మా ఇళ్లలో వంట చేసే ఇద్దరు ఆడవాళ్లు వచ్చి కలిశారు. నాలుగో అంతస్తు కోడలు ఒకసారి డ్యాన్స్ మాస్టర్ వైపు, ఒకసారి ఆ వలయం వైపు చూసి, చీర కొంచెం ఎత్తి దోపుకొని వచ్చేసింది. ఆ వెనక ముగ్గురు. మరో పది నిమిషాలకు మూడు రంగులూ కలిసిపోయాయి.

అవ్వ ఆడింది. అడుగు వేసింది, వంగింది, చప్పట్లు కొట్టింది, జరిగింది. కొత్త మోకాలు బిగుసుకొని కాలు కొంచెం ఈడ్చింది. అయినా లయ తప్పలేదు. నేను కర్ర పట్టుకొని నిలబడ్డాను. ఆపాలని కాళ్లు ముందుకు పోతున్నాయి, చూడాలని కళ్లు ఆపుతున్నాయి. అరగంట గడిచింది.

అప్పుడు జడ్జి కారు వచ్చింది. కార్యదర్శి ఈల ఊదాడు. "అమ్మా, ప్రోగ్రాం ఇంక స్టార్ట్ కాలే! ఎవలు ఆడుమన్నరు?"

"డాక్టర్" అంది అవ్వ, ఆగకుండానే.

పోటీ జరిగింది. వరసలు, స్మైలు అన్నీ అయ్యాయి. జడ్జిగారికి ఎవరూ సరిగ్గా చెప్పలేదు కాబోలు, తాను దిగేసరికి కనిపించిన వలయాన్ని కూడా ఒక గ్రూపుగా రాసుకున్నాడు. మైకులో ఫలితాలు చెప్పాడు. "నాలుగో గ్రూపులో సింక్ లేదు, కాస్ట్యూమ్ లేదు, కానీ ఎక్స్‌ప్రెషన్ ఉంది. అందుకే కన్సోలేషన్ ప్రైజ్." అవ్వ చేతిలో ప్లాస్టిక్ డబ్బాల సెట్టు పెట్టి ఫోటో తీశారు.

"కన్సోలేషన్ అంటే ఏంది?" అని అవ్వ అడిగింది.

"ఓదార్పు బహుమతి" అన్నాను.

"ఎవలు సచ్చిన్రని ఓదారుస్తుండ్రు?"

తెల్లారేసరికి ఆమె మోకాలు గుమ్మడికాయంత అయ్యింది. మంచం దిగలేకపోయింది. ఆమెను వీల్‌చైర్‌లో డాక్టరు దగ్గరికి తోసుకెళ్లాను. ఆయన మోకాలు నొక్కి చూశాడు. మొదటిసారి గొంతు పెంచాడు.

"డ్యాన్స్ చేశారా?"

"లే సారూ. అబద్ధమెందుకు ఆడుత? డాన్సు చెయ్యలే. ఆడిన. మీరే ఆడుమన్నరు గదా."

"నేను ఆడుకోమన్నాను..." అంటూ ఆగిపోయాడు. నెమ్మదిగా నా వైపు తిరిగాడు. "మేడం, మీరు ఏం పని చేస్తారు?"

"టీచర్‌ను."

"ఏ సబ్జెక్టు?"

చెప్పాను. ఆయన మందుల చీటీ మీదికి వంగాడు. నన్ను ఒక మాట అన్నా బాగుండేది. మందులు రాసి, రెండు వారాలు కాలు కింద పెట్టొద్దన్నాడు.

ఆ రెండు వారాలు ఐసు సంచీ పెట్టడం, తీయడం నా వంతు. మూడో రోజు ఐసు పెడుతూ నిజం చెప్పేశాను. "అవ్వా, గా డాక్టర్ ఆడుమన్నది బతుకమ్మ గాదు. నాకు అప్పుడే తెలుసు. నీకు చెప్పలే. తప్పు నాది."

ఆమె నన్ను వింతగా చూసింది. "గంత తెల్వకుండనే అడిగిననుకున్నవా? ఆయనకు మన మాట రాదని నాకు ఎరికే. సక్కగ అడిగితే వద్దంటడు గదా."

చేతిలో ఐసు సంచీ కారి నా చీరంతా తడిసింది. ఇరవై ఆరేళ్లు నేను పిల్లలకు నానార్థాలు చెప్పాను, పరీక్షల్లో అడిగాను, మార్కులు వేశాను. ఒక మాటకున్న రెండు అర్థాల నడుమ నుంచి ఇలా దర్జాగా నడిచిపోవచ్చని ఏ పుస్తకంలోనూ చదవలేదు.

వాపు దిగడానికి నెల పట్టింది. మోకాలు మాత్రం మునుపటిలా పూర్తిగా వంగడం లేదు. వంగదని డాక్టరు తేల్చేశాడు. అందుకు ఆమె ఏడ్చింది, ఒక్కసారే, అదీ స్నానాల గదిలో.

పోయినేడు పండుగకు పోటీ పెట్టలేదు. జడ్జి దొరకలేదని కార్యదర్శి చెప్పాడు. బతుకమ్మలను నేల మీదే పెట్టారు. అవ్వ కుర్చీలో కూర్చొని పాట ఎత్తుకుంటే చుట్టూ ఆడవాళ్లు తిరిగారు. నన్నూ వలయంలోకి తోసింది. నాకు అడుగు కుదిరితే చప్పట్లు తప్పుతున్నాయి, చప్పట్లు కుదిరితే వాచ్‌మన్ భార్య కాలు తొక్కుతున్నాను. పాటలో ఒక చరణానికీ ఇంకో చరణానికీ నడుమ అవ్వ గొంతు గట్టిగా వినిపించింది.

"కాళ్ల దిక్కు సూడకు బిడ్డా. ముందటామె చేతుల దిక్కు సూడు."