నిమ్మకాయ తొడిగిన బొటనవేలు

నిన్న రేషన్ దుకాణంలో ఆ చిన్న యంత్రం మీద నా కుడి బొటనవేలు నాలుగుసార్లు పెట్టించి, నాలుగుసార్లూ ముద్ర పడలేదని, వేరే వేలు పెట్టమన్నాడు డీలరు. వెనక వరుసలో వాళ్లు విసుక్కుంటున్నారు గానీ నాకు మాత్రం నవ్వొచ్చింది. ఎప్పుడో పెళ్లికి ముందు లేచిన గోరుచుట్టు పండి పగిలి, ఆ వేలి చివర చర్మమంతా నున్నగా చేసి పోయింది, ఇక ముద్ర ఎక్కడి నుంచి వస్తుంది? ఇంటికొచ్చాక నవ్వు పోయి, ఏదో తోచనితనం పట్టుకుంది. కూర్చోలేక, నిలవలేక, ఇదిగో ఇలా రాస్తున్నాను.

మాది శ్రీకాళహస్తి. మా నాయన కలంకారీ పనివాడు, రామాయణ భారతాలు గుడ్డకెక్కించిన మనిషి. ఆయన దగ్గరకు చిత్తూరు అవతలి పల్లె నుంచి ఒక పాస్టరుగారు వచ్చి, ఈస్టరు ఆదివారం తెల్లవారి ఆరాధనకు తమ చిన్న చర్చిలో కట్టుకోవడానికి ఏసుప్రభువు కథ గీసిమ్మని అడిగారు. ఏ దేవుడి గుడ్డను నానబెట్టాలన్నా అవే పాలు, అదే కరక్కాయ అని నాయన ఒప్పుకుని, ముందురోజు శనివారానికి ఇస్తానని మాట ఇచ్చేశాడు. మాట ఇవ్వడమంటే ఆయనకు, మాట పోగొట్టుకునే భయాన్ని కూడా ఇంటికి తెచ్చుకోవడమే. ఆ నెలంతా మా ఇంట్లో ఎవ్వరం స్థిమితంగా అన్నం తినలేదు.

అంతకుముందు చలిజ్వరం వచ్చి పోయాక నాయన చెయ్యి వణికేది. చింతబొగ్గుతో బొమ్మ ఆయన వేస్తే, దానిమీద నల్లగీతలు నేను దిద్దేదాన్ని. ఆ గీతలు ఈస్టరుకు వారం ముందొచ్చే మట్టలాదివారానికల్లా అయిపోవాలి, లేకపోతే పటిక పూసి, స్వర్ణముఖిలో పారే నీళ్లల్లో ఉతికి, రంగులో ఉడకేసి, ఎండబెట్టడానికి మిగిలిన వారం చాలదు. సరిగ్గా అంతకుముందు గురువారమే నాకు గోరుచుట్టు లేచింది. మా వెదురుకలానికి గుడ్డ చుట్టి ఉంటుంది, సిరాలో ముంచి ఆ చుట్టను బొటనవేలితో నొక్కితేనే గీత దిగుతుంది. అంటే గీత గీతకూ ఆ వేలినే నొక్కాలన్నమాట. రెండు గీతలు గీయడం, లేచి చెయ్యి తలపైకెత్తుకుని వాకిట్లో ఇటూ అటూ తిరగడం, మళ్లీ వచ్చి కూర్చోవడం, ఇదీ నా పని.

అమ్మ చూడలేక నిమ్మకాయకు బెజ్జం చేసి వేలికి తొడిగింది. ప్రాణం లేచొచ్చింది. ఆ సుఖంలో నిమ్మకాయతోనే కలం పట్టుకుని, చూపుడువేలితో నడివేలితో నొక్కి గీస్తూ పోయాను. సిలువ కింద నిలబడిన తల్లి మరియమ్మ కొంగు దిద్దుతుంటే రసం కారి గుడ్డ మీద పడింది, నేను చూస్తుండగానే నల్లగీత జానెడు మేర తెల్లబోయింది. చేతికంటిన సిరా మరక పోవాలంటే రోజూ నిమ్మతొక్కతో రుద్దుకునేదాన్ని నేనే! ఆ సంగతి నొప్పిలో ఎలా మరిచానో ఇప్పటికీ తెలియదు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే కాబోలు.

నాయన కోప్పడి ఉంటే బాగుండేది. ఆయన గుడ్డ వంక చూశాడు, నా వేలి వంక చూశాడు, తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

“మాటిచ్చింది నేను, అవస్థ పడేది నువ్వు. వొద్దులేమ్మా. చిత్తూరు బస్సెక్కి పోయి, అయ్యేటట్టు లేదని సెప్పొస్తా.”

ఏ గడపలోనూ ఆ మాట చెప్పి ఎరగని మనిషి ఆయన. ఆయన చెప్పులు వెతుక్కుంటుంటే చూడలేకపోయాను. నిమ్మకాయ పీకి పారేసి, వాచిన వేలు బిగించి చుట్ట నొక్కాను. కళ్లల్లో నీళ్లు తిరిగాయి, గీత మాత్రం తిన్నగానే దిగింది. నాయన చెప్పులు విడిచేశాడు. ఆదివారం పొద్దు వాలకముందు ఆఖరి గీత పూర్తయింది. వేలు ఆ సాయంత్రమే పగిలింది.

శనివారం పాస్టరుగారు వచ్చేసరికి గుడ్డ అంచుల్లో ఇంకా తడి ఆరలేదు. ఆయన గమనించకముందే నాయన మరియమ్మ కొంగు దగ్గర వేలు పెట్టి చూపించాడు. “ఈడ నిమ్మరసం పడి గీత పోయిండాది అయ్యగారూ. మళ్లీ దిద్దినాం గానీ పలచగానే ఉండాది. సూసుకోండి.” పాస్టరుగారు ఆ చోటును నిమిరి, గుడ్డ మడిచి నెత్తిన పెట్టుకుని బస్టాండుకు నడిచిపోయారు. ఆ మధ్యాహ్నం నాయన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, వణికే చేత్తోనే సంగటి ముద్దలు కలిపి తినిపించాడు. సగం చారు నా ఒళ్లోనే పడింది. నేను ఏడ్చాను, నొప్పికని చెప్పాను.

నాయన పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు నా దగ్గర పదిమంది పని చేస్తున్నారు, గుడ్డలు చాలా ఊళ్లకు పోతున్నాయి. పోయిన నెల ఎవరో పెళ్లికని ఒక తెర అడిగారు. తేదీ దగ్గరపడితే, వారం ఆలస్యమవుతుందని ఫోనులో నాలుగు ముక్కలు పంపించమన్నాను మా అబ్బాయితో. పర్వాలేదని జవాబు వచ్చింది. తెర లేకుండానే ఆ పెళ్లి జరిగిపోయి ఉంటుంది, నేను అడగలేదు. హాయిగా భోంచేసి నిద్రపోయాను. నాకు ఆ వారం ఏ నొప్పీ లేదు.