తమ్ముడి ముంజేతి మీద పెన్ను గుండ్రం

మా తమ్ముడు రామప్పకు సోరియాసిస్ తీవ్రంగా ఉండేది. రెండేళ్లు బయోలాజిక్ సూదులతో, అంటే రోగనిరోధక శక్తి అతిని తగ్గించే మందుతో, నెమ్మదించింది. పోయిన ఎండాకాలానికి ఆ మందు పట్టు తప్పి, వీపు, చేతులు మళ్లీ పొలుసులు కట్టాయి. బెంగళూరు డాక్టరు ఆ సూదులు ఆపి, నరంలోకి ఎక్కించే మరో బయోలాజిక్‌కు మారుద్దామన్నారు. అయితే ఒంట్లో దాగిన క్షయ ఉంటే ఈ కొత్త మందు దాన్ని లేపుతుందట. ఎక్స్‌రే బాగుంది. సోమవారం అనంతపురంలో ముంజేతికి క్షయ పరీక్ష సూది వేసి, చుట్టూ పెన్నుతో గుండ్రం గీశారు. మచ్చలేని చోటు వెతకడానికే నర్సుకు చాలాసేపు పట్టింది. బుధవారానికి అది గట్టిపడి ఉబ్బితే కొత్త మందు వాయిదా.

బుధవారం పూజ ముగించి, జబ్బున్న చోట విభూతి రాసే అలవాటు కొద్దీ వేళ్లు ఆ గుండ్రం మీదికే పోనిచ్చాను.

"ఆడ వద్దక్కా!" అన్నాడు తమ్ముడు. నుదుటికే పెట్టాను.

కంబదూరులో ఐదున్నర బస్సు పట్టుకుని, కల్యాణదుర్గంలో పావగడ మీదుగా బెంగళూరు పోయే బస్సుకు మారాం. టికెట్టు మనిషికి రెండొందల పైనే. దారంతా దున్ని వానకు విడిచిన ఎర్ర చేలు. గుండ్రానికి ఏదీ తగలకూడదని తమ్ముడు చెయ్యి ఎత్తే పెట్టుకున్నాడు.

"ఏమప్పా, ఓట్లడుగుతాండావా?" అన్నాడు కండక్టరు.

"ఓటెయ్యకున్నా పర్వాలేదన్నా, చెయ్యి మాత్రం ముట్టుకోవద్దు."

బస్సంతా నవ్వింది. నేను కళ్లు మూసుకుని జపంలో ఉన్నాను.

పన్నెండున్నరకు బెంగళూరు ఆస్పత్రిలో డాక్టరు గుండ్రం మీద వేలితో మెల్లగా తడిమారు. "ఏమీ లేదమ్మా, ఈ రోజే మొదలుపెడదాం" అన్నారు.

మందు రెండు గంటలు చుక్క చుక్కగా ఎక్కింది.

"అక్కా, మన చీనీచెట్ల డ్రిప్పు మాదిరే ఉండాదే!" అన్నాడు మా బత్తాయి తోటను తలచుకుని.

"చెట్లు నీ మాదిరి మాట్లాడవురా. గమ్మున పండుకో."

రెండో వారం, ఆరో వారం మళ్లీ వెళ్లాం. అందరికీ ఇలాగే పనిచేయదనీ, దీని పట్టూ ఒకనాటికి తప్పవచ్చనీ డాక్టరు ముందే చెప్పారు. మందు మార్చుకోవడానికి బయలుదేరేవారు పాత సూది చివరిసారి ఏ తేదీన వేసుకున్నారో చీటీ మీద రాసుకుని వెళ్లండి. ఆస్పత్రిలో మమ్మల్ని మొదట అడిగింది అదే. మూడోసారి ఎక్కించాక ఒకరోజు తమ్ముడు స్నానం చేసి చొక్కా లేకుండా పెరట్లోకి వచ్చాడు. చిన్నప్పుడు నేను నీళ్లు పోసి రుద్దిన వీపు, అప్పటిలాగే నున్నగా ఉంది. ఇన్నేళ్లూ దేవుణ్ణి వాడికి ఓర్పు ఇమ్మనే అడిగాను. ఇంత అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.