కిగాలీయా, లాగోసా

దుబాయ్‌లోని డేరా ప్రాంతంలో బట్టల ఎగుమతి కంపెనీలో పనిచేసే జాయ్స్‌ది కాకినాడ. 2023లో ఆఫ్రికాలో దుకాణం ఎక్కడ తెరవాలో చూసి రమ్మని మేనేజరు రామచంద్రరావు ఆమెను రువాండాలోని కిగాలీకీ, నైజీరియాలోని లాగోస్‌కీ పంపారు.

"కిగాలీ బాగుందటగా అమ్మా?" అన్నారాయన, ఆమె తిరిగి రాగానే.

"చాలా బాగుందండి. రోడ్లు అద్దంలా ఉన్నాయి. బైక్ ట్యాక్సీవాడు నాకూ హెల్మెట్ ఇచ్చాడు. లాగోస్‌లో ట్రాఫిక్‌లోనే సగం పూట పోయింది. కరెంటు పోతే జనరేటర్ల మోత."

"ఇంకేం, ఖలాస్. కిగాలీలోనే తెరుద్దాం."

"వద్దండి, లాగోస్‌లో తెరుద్దాం. ఆ ట్రాఫిక్‌లోనే పక్క కారులో ఒకావిడ అద్దం దించి, నా చున్నీ గుడ్డ ఎక్కడ దొరుకుతుందని అడిగింది. కిగాలీలో మెచ్చుకున్నారు గానీ, కొంటామన్నవాళ్లు తక్కువ."

"మరి అక్కడ ఎవరుంటారు?"

"నేనుంటానండి," అంది జాయ్స్ తడుముకోకుండా.

ఇప్పుడు లాగోస్ దుకాణం ఆమే నడుపుతోంది. సెలవు దొరికితే మాత్రం కిగాలీ వెళ్లి హాయిగా తిరిగొస్తుంది.