మూడు కారణాల మావయ్య

“కూర ఎందుకు మాడిందని అడిగితే మూడు కారణాలేంటండీ? ఒక్కటి చెప్పండి చాలు.”

“ఏది తీసెయ్యమంటావే? మంట పెద్దదే. గిన్నె పల్చనే. నేను పేపరు చదువుతున్న మాటా నిజమే.”

“ఆ మూడోది చాలు.”

“అదొక్కటే చెబితే గిన్నె తప్పించుకుంటుంది.”

గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే నాకు వినిపించిన అత్తయ్య, మావయ్యల గొడవ ఇది. మా మావయ్య ఒక్క ముక్కలో జవాబు చెప్పలేడు. అదే ఆయన జబ్బు. కాలేజీలో సమాచార సిద్ధాంతం బోధించాడు. సందేశాన్ని ఎంత పొట్టిగా కుదించవచ్చో ఏళ్ల తరబడి పాఠం చెప్పిన మనిషి, టైమెంతని అడిగితే, “గోడ గడియారం ప్రకారమా, నా వాచీ ప్రకారమా?” అంటాడు. మోకాలి నొప్పికి డాక్టరు దగ్గరికి వెళ్లి, దాన్ని ఎముక వైపు నుంచి, నరం వైపు నుంచి, ఇంటి మెట్ల వైపు నుంచి వివరించాడు. చివరికి డాక్టరే తలనొప్పి మాత్ర వేసుకున్నాడు.

“ఒకే ప్రపంచాన్ని ఫిజిక్సు ఒకలా చెబుతుంది, బయాలజీ ఇంకోలా చెబుతుంది. ఒకటి గెలిచి రెండోది ఇంటికి పోవాలని ఎక్కడుందిరా?” అనేవాడు. నేను ఆవులించేవాణ్ణి.

నేను కాలేజీ మానేసిన రోజు నాన్న నన్ను హాల్లో నిలబెట్టాడు. “ఒక్క మాటలో చెప్పు. చదువుతావా, ఇంట్లోంచి పోతావా?”

పోతానని నోటిదాకా వచ్చింది. అంతలో మావయ్య కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“బావా, వీడు మానెయ్యడాన్ని మూడు రకాలుగా చూడొచ్చు.”

మొదటి రకం సగంలోనే నాన్న కూలబడ్డాడు. రెండో రకంలో మంచినీళ్లు అడిగాడు. మూడోది మొదలయ్యేలోపే, “సరేలే, ముందు వాణ్ణి తిననియ్యి,” అన్నాడు.

వీధిలోకి వచ్చాక అడిగాను: “మూడోదేంటి మావయ్యా?”

“ఏమోరా, అది ఇంకా తయారు కాలేదు. రెండోదానికే మీ నాన్న మెత్తబడతాడనుకున్నా.”

ఇప్పుడు వేరే ఊళ్లో సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నాను. ఇక్కడ ఎవరి దగ్గర చూసినా అవును, కాదు, రేపు రండి. అంతకుమించి మాట లేదు. ఒకప్పుడు నేను తప్పించుకు తిరిగిన మావయ్య సుత్తి కోసమే ఇవాళ మొహం వాచిపోయి ఉన్నాను.

మొన్న మావయ్య ఫోన్ చేశాడు. “ఎలా ఉన్నావురా?”

“బాగున్నా.”

అటువైపు నిట్టూర్పు. “అందరూ ఎప్పుడూ అనేదే నువ్వూ అంటే, అందులో నాకు తెలిసిందేముంది? ఈసారి నుంచి ఒకటి బాగున్నది చెప్పు, ఒకటి బాగోలేనిది చెప్పు. రెండూ పక్కపక్కనే ఉండనీ. కాస్త పొడుగ్గానే చెప్పరా, నాకేం తొందర్లేదు.”