గ్రైండర్ మీద పడిన నింద

రిటైరవడానికి రెండేళ్ళ ముందు, వానాకాలం మొదట్లో, నన్ను బెంగళూరు శివార్లలోని చందాపుర సబ్‌డివిజన్‌కు సహాయక కార్యనిర్వాహక ఇంజనీరుగా బదిలీ చేశారు. హోదా పేరు బారెడు ఉన్నా పని మాత్రం ఒక్క ముక్కలో చెప్పవచ్చు. ఆ చుట్టుపక్కల ఎక్కడ కరెంటు పోయినా తిట్లు తినేది ఆ కుర్చీలో కూర్చున్న మనిషి. నా కింద సెక్షన్ ఆఫీసర్లు, వాళ్ళ కింద మీటర్ రీడర్లు, లైన్‌మెన్లు ఉండేవారు. నేను కర్నూలు దగ్గర పుట్టినదాన్ని కావడంతో తెలుగువాళ్ళ ఫిర్యాదులు సెక్షన్ ఆఫీసర్లను దాటుకుని, కాస్త చనువుగానే నా బల్ల దాకా వచ్చేవి.

ఫిర్యాదుల్లో చాలామటుకు ఒకే రకం. మీటర్ పరుగెత్తుతోంది అంటారు. ఇంట్లో ఎవరూ ఏమీ వాడటం లేదట, మీటరే తనంతట తాను తిరిగిపోతోందట. దీనికి మా శాఖలో ఒక పద్ధతి ఉంది. ఉన్న మీటర్ పక్కనే, ముందుగా పరీక్షించిన మరో మీటర్‌ను కలిపి కొన్ని రోజులు ఉంచుతాం. దాన్ని చెక్ మీటర్ అంటాం. రెండూ ఒకే లెక్క చూపిస్తే దోషం లేదని రాసి ఇచ్చి ఫైలు మూసేస్తాం. మీటర్ దాటాక ఇంట్లోపల కరెంటు ఏమవుతోందన్నది నిబంధనల ప్రకారం ఆ ఇంటివాళ్ళ వ్యవహారం. అసలు సంగతులన్నీ ఉండేది అక్కడే అని నాకు తెలుసు గానీ, అన్ని ఇళ్ళలోకీ తొంగిచూడటానికి మా దగ్గర మనుషులు లేరు.

సరస్వతమ్మ గారి ఫిర్యాదు అలా వచ్చినదే. హెబ్బగోడిలో తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబం వాళ్ళది. రెండంతస్తుల ఇల్లు. కింద ఆవిడ, పక్షవాతంతో కుడి చెయ్యి, కాలు చచ్చుబడిన భర్త మునిస్వామప్ప గారు. పైన బాడిగకు లక్ష్మీదేవి, ఆమె భర్త. లక్ష్మీదేవిది కదిరి వైపు. భర్త ఒక అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్. ఆమె ఇంట్లోనే దోసెపిండి రుబ్బి, చుట్టుపక్కల గదుల్లో ఉండే ఫ్యాక్టరీ పనివాళ్ళకు అమ్మేది. ఇల్లంతటికీ మీటర్ ఒక్కటే. లక్ష్మీదేవి కాపురం వచ్చిన దగ్గరనుంచి బిల్లు పెరుగుతూ వచ్చిందని ఫిర్యాదులో రాశారు.

చెక్ మీటర్ పెట్టారు. రెండు మీటర్లూ ఒకే మాట చెప్పాయి. ఆ సంగతి చేరిన రోజే సరస్వతమ్మ గారు తీర్పు చెప్పేశారు. మీటర్‌ది తప్పు కాకపోతే గ్రైండర్‌దే తప్పు. గ్రైండర్ ఆపాలి, లేదంటే ఇల్లు ఖాళీ చెయ్యాలి. అప్పుడు ఆషాఢం నడుస్తోంది. ఆషాఢంలో ఇల్లు మారకూడదు కాబట్టి శ్రావణం రాగానే వెళ్ళిపొమ్మన్నారు. వెళ్ళగొట్టడంలో కూడా ఆవిడ ఆచారం తప్పలేదు.

మర్నాడు లక్ష్మీదేవి నా ఆఫీసుకు వచ్చింది. వాచ్‌మన్ జీతం బాడిగకూ తిండికీ సరిపోతుంది. కూతురు కదిరిలో నర్సింగ్ చదువుతోంది, ఆ చదువు నడిచేది పిండి మీద. గ్రైండర్ ఉందనగానే వేరే ఎవరూ ఇల్లివ్వడం లేదు. ఇచ్చినా, ఈ వీధిలో కుదిరిన గిరాకీ ఇంకో వీధికి వెంట రాదు. ఇదంతా చెప్పి బిల్లు తగ్గించమంటుందేమోనని నేను చూస్తున్నాను. ఆమె అది అడగలేదు.

“మేడమ్, నా గ్రైండర్ ఎంత కరెంటు తింటాదో కొలిచి చెప్పండి. ఎక్కువ తింటా ఉండాదంటే నేనే ఆపేస్తా. లేదంటే ఆ మాట ఆయమ్మతో మీరే చెప్పల్ల.”

తగ్గించమని అడిగినవాళ్ళు నా సర్వీసులో లెక్కలేనంతమంది. కొలవమని అడిగిన మనిషిని చూడటం అదే మొదటిసారి. ఆమె మీద నాకు గౌరవం కలిగింది. గ్రైండర్ కొలవడం నా హోదా పని కాకపోయినా, బసవరాజు అనే లైన్‌మన్‌ను వెంటబెట్టుకుని, టాంగ్ టెస్టర్ తీసుకుని ఆ సాయంత్రమే వెళ్ళాను. టాంగ్ టెస్టర్ అంటే తీగను పటకారులా పట్టుకుని అందులో ఎంత కరెంటు పోతోందో చూపే పరికరం. తీగ కోయనక్కరలేదు.

సరస్వతమ్మ గారు మర్యాదగానే లోపలికి పిలిచారు. తన పొదుపు ఎలాంటిదో ముందు మాకు చూపించారు. మెట్ల దగ్గర బల్బు ఉండదు. టీవీ చూడటం అయిపోగానే ప్లగ్గు ఊడదీసి పెడతారు. భోజనాల గదిలో ఫ్యాన్ తిరగాలంటే చుట్టం రావాలి. మేడమీద సోలార్ ఉంది. బెంగళూరు ఇళ్ళలో సోలార్ అంటే వేడినీళ్ళ ట్యాంకే. ఆ వీధిలో మొదట పెట్టించింది తామేనని ఆవిడ కొంచెం గర్వంగానే చెప్పారు.

పైన లక్ష్మీదేవి గ్రైండర్ వేసింది. ఇల్లంతా బరబరమని శబ్దం. కొలిచాను. అర హార్స్‌పవర్ మోటారు ఎంత తీసుకోవాలో అంతే తీసుకుంటోంది. ఆపమన్నాను. గ్రైండర్ ఆగింది, ఇల్లు నిశ్శబ్దమైంది. మీటర్ మీది చిన్న లైటు మాత్రం గబగబా మిణుకుతూనే ఉంది. ఇంట్లోకి కరెంటు ఎంత వేగంగా వస్తే ఆ లైటు అంత వేగంగా మిణుకుతుంది. గ్రైండర్ ఆగినందుకు అది పెద్దగా నెమ్మదించలేదు.

బసవరాజును బోర్డు మీది స్విచ్చులు ఒక్కొక్కటే దించి, చూసి, మళ్ళీ ఎత్తమన్నాను. పైవాళ్ళది దించాడు. మిణుకు తగ్గలేదు. కిందివాళ్ళ లైట్లవి దించాడు. తగ్గలేదు. చివర ఉన్నదాని మీద చెయ్యి పెట్టగానే సరస్వతమ్మ గారు లోపలినుంచి కేకేశారు.

“దాన్ని ముట్టద్దప్పా! అది సోలార్‌ది!”

అప్పటికే దించేశాడు. మీటర్ లైటు ఊపిరి పీల్చుకున్నట్టు ఆగి ఆగి వెలగడం మొదలుపెట్టింది. ఎండతో పనిచేసేదానికి కరెంటు ఎందుకని ఆవిడను అడిగాను. ఆవిడ నన్ను మెట్ల దగ్గరికి తీసుకెళ్ళి గోడమీద పెద్ద స్విచ్ ఒకటి చూపించారు. దానికి ఎర్రలైటు ఉంది, బసవరాజు దించడంతో అప్పుడే ఆరిపోయింది.

“ఈ ఎర్రలైటు వెలగతా ఉంటేనే గదమ్మా సోలార్ పనిచేస్తా ఉండేది. ఆరిందంటే ఎంబడే వేస్తాను. ఏ దినమూ మరిచింది లేదు.”

పై మెట్టు మీద నిలబడి వింటున్న లక్ష్మీదేవి అప్పుడు అంది, “నేను కాపురం వచ్చిన కొత్తలో ఒగసారి ఆపినాను మేడమ్, ఎవరో మరిచిపోయినారనుకోని. సోలార్ ఆపేస్తావా అని తిట్టినాది. మళ్ళీ దాని జోలికి పోలే.”

నాకు నవ్వు వచ్చింది, చిరాకూ వేసింది. రెండూ మింగేసి, వివరం అడిగాను. సోలార్ ట్యాంకు లోపల ఒక కాయిల్ ఉంటుంది. ఎండ లేని రోజు నీళ్ళు కాచుకోవడానికి అది. వాళ్ళింట్లో ఆ కాయిల్ స్విచ్ ఇదివరకు మేడమీద ఉండేది. ముసురు పట్టినప్పుడు మునిస్వామప్ప గారు ఎక్కి వేసి, నీళ్ళు కాగాక మళ్ళీ ఎక్కి ఆపేవారు. ఆయన మంచాన పడ్డాక ఎలక్ట్రీషియన్ దాన్ని కిందికి దింపి లైటున్న కొత్త స్విచ్ బిగించాడు. ఆ లైటు వెలిగితే కాయిల్‌లో కరెంటు పోతున్నట్టని అతను చెప్పలేదు, ఆవిడ అడగలేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే లక్ష్మీదేవి గ్రైండర్‌తో సహా పైన దిగింది.

రాత్రంతా కాయిల్ నీళ్ళు కాచి ఉంచుతోంది. పొద్దున్న ఎండ వచ్చేసరికి ట్యాంకు నిండా వేడినీళ్ళే, ఎండకు చెయ్యడానికి పనేమీ మిగలడం లేదు. ఒక సాయంత్రమంతా గ్రైండర్ తిరిగితే పోయే కరెంటు, ఆ కాయిల్ ఒక్క గంట వెలిగితే పోతుంది. ఇది సరస్వతమ్మ గారికి వీలైనంత తేలికగా చెప్పాను. ఆవిడ విన్నారు గానీ, చెయ్యి మాత్రం ఆ స్విచ్ మీదినుంచి తియ్యలేదు.

“నువ్వు చెప్పేది నిజమే కావచ్చమ్మా. తెల్లారేపాటికి వేడినీళ్ళు పొయ్యకపోతే ఆయన చెయ్యి కొయ్యలాగా బిగుసుకుంటాది. ఒక్క దినం నీళ్ళు చల్లగా వస్తే నేనెవరిని అడిగేది?”

నా చిరాకు అక్కడితో పోయింది. ఆవిడ కాపలా కాస్తున్నది స్విచ్‌కు అనుకున్నాను, భర్త చేతికి అని అప్పుడు అర్థమైంది. ఇంతలో మంచం మీదినుంచి మునిస్వామప్ప గారు ఏదో అన్నారు. ఆయన మాట స్పష్టంగా లేదు, ఆవిడే విడమరిచి చెప్పారు. నీళ్ళు కాలిపోతున్నాయట, రోజూ సగానికి సగం చల్లనీళ్ళు కలపాల్సి వస్తోందట. చెప్పడం పూర్తయ్యాక ఆవిడ స్విచ్ మీదినుంచి చెయ్యి తీశారు.

ఒక ఏర్పాటు చెప్పాను. స్విచ్ ఆపి ఉంచాలి. రోజూ పొద్దుగూకాక కొళాయి తిప్పి చూడాలి. నీళ్ళు వేడిగా ఉంటే నిశ్చింతగా పడుకోవాలి. లేకపోతే తెల్లవారుజామున ఒక గంట వేసుకుని ఆపాలి. ఒప్పుకున్నారు. రెండు రోజులకే ఫోన్ చేసి, నీళ్ళు మంచులా ఉండాయి, నీ మాట వింటే ఇట్లయింది అని దులిపేశారు. ముందు వచ్చేవి పైపులో నిలిచిన నీళ్ళనీ, ఒక బక్కెట్ పక్కకు పట్టుకున్నాక చెయ్యి పెట్టి చూడమనీ అన్నాను. ఫోన్ పెట్టకుండానే వెళ్ళి చూశారు. తిరిగి వచ్చి “ఉండాయిలే” అని మాత్రం అన్నారు.

తర్వాతి రీడింగ్ నేనే అడిగి తెప్పించుకున్నాను. గ్రైండర్ రోజూ తిరిగినా వాడకం దాదాపు సగానికి పడిపోయింది. సరస్వతమ్మ గారు క్షమించమని అడిగే మనిషి కాదు. మెట్లెక్కి, శ్రావణంలో పోవద్దులే, ఉండు అని లక్ష్మీదేవితో చెప్పి దిగారట.

శ్రావణం మొదటి వారంలో లక్ష్మీదేవి మళ్ళీ ఆఫీసుకు వచ్చింది. పై అంతస్తుకు వేరే మీటర్ కావాలని దరఖాస్తు. బాడిగవాళ్ళకు వేరే మీటర్ ఇవ్వాలంటే ఇంటివాళ్ళ సమ్మతి ఉండాలి. సరస్వతమ్మ గారి సంతకం ఉంది. వేరే మీటర్ అంటే ఖర్చూ తిరుగుడూ ఉంటాయి. సంగతి తేలిపోయింది గదా, ఆవిడ ఉండమన్నారు గదా, ఇంకా ఇదెందుకని అడిగాను.

“ఉండమన్నాది మేడమ్. ఇంగో దినం ఆ ఇంట్లో ఇంగోటి పాడైతాది. అప్పుడు మళ్ళా మొదట గుర్తొచ్చేది నా గ్రైండరే.”

ఆ మాట అనేటప్పుడు ఆమెలో కోపం కనిపించలేదు. దరఖాస్తు మీద సిఫారసు రాసి సెక్షన్‌కు పంపాను, మీటర్ బిగించారు.

ఇంట్లో వృథాగా పోయే కరెంటు చప్పుడు చెయ్యదు. అనుమానం మాత్రం చప్పుడు చేసేదాని మీదికే పోతుంది, అది బాడిగవాళ్ళదైతే మరీ తొందరగా పోతుంది. సంగతి తేల్చడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది, కానీ నింద మోసిన మనిషికి నమ్మకం తిరిగి రాలేదు, అది తెప్పించే పరికరం మా శాఖలో లేదు. ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ, బిల్లు పెరిగిందని ఎవరు వచ్చినా, ఇంట్లో ఎక్కువ వాడేది ఎవరని అడగడం మానేశాను. ఆపడానికి మీరు భయపడేది ఏది అని అడిగేదాన్ని.