కొట్టు వెనక డిగ్రీ చదివిన వదిన

మా వదిన పోయిందని మొన్న అన్నయ్యే ఫోనులో చెప్పాడు. చెప్పి భోరున ఏడ్చాడు. నాకు జాలి కలగలేదు, ఒళ్లు మండింది. ఆవిడ తిన్న దెబ్బల్లో సగం నేను చూస్తూ ఊరుకున్నవే. అందుకే అన్నయ్య మీద కంటే నా మీద నాకే ఎక్కువ మంట.

తొంభైల చివర రావులపాలెంలో మాకు కిరాణా కొట్టుండేది. పదో తరగతి తప్పిన వదిన అర్హత పరీక్ష రాసి ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీకి చేరింది. పుస్తకాలు పోస్టులో వచ్చేవి. ఆదివారాలు రాజమండ్రిలో క్లాసులు. "కొట్టు నడిపే ఇంట్లో కోడలికి కాలేజీ ఏంటి?" అని అన్నయ్య చెంపలు వాయించేవాడు. ఒకరోజు ఆ పుస్తకాలు చింపి, పొట్లాలు కట్టమని నా ముందు పడేశాడు. సిగ్గులేకుండా కట్టాను. దేశాభివృద్ధిలో చదువు పాత్ర అనే పాఠంలో వంద గ్రాముల మినప్పప్పు అమ్మాను.

వదిన ఇంటింటికీ తిరిగి, "ఆ కాగితం పారేయకండమ్మా, నా పాఠమండి" అని అడిగి తెచ్చుకుంది. అన్నం మెతుకులతో అతికించుకుంది. నాతో మాత్రం, "బెల్లం వాటిలో కట్టకండి మరిదిగారూ, అక్షరాలు కనపడవు" అంది, అంతే.

తర్వాత్తర్వాత మా వీధి కోడళ్లను వెంటపడి అదే చదువులో చేర్పించింది. ఎవరైనా దేశం సంగతెత్తితే, "ముందు మా వీధి గట్టెక్కనివ్వండి" అని నవ్వేది.

ఆఖరి ఏడాది పరీక్ష పొద్దున అన్నయ్య ఆవిడ తల గోడకేసి బాది, హాల్ టికెట్ లాక్కున్నాడు. వదిన తూకం వేసే కేజీ రాయి తీసి అతని మోకాలి మీద కొట్టింది. టికెట్ తీసుకుని నా స్కూటరెక్కింది. "పోనీయండి" అంది. రాజమండ్రి దాకా నుదుటికి కొంగు అదిమిపెట్టుకునే ఉంది.

"ఏంటమ్మా ఈ రక్తం?" అన్నారు గేటు దగ్గర లెక్చరరుగారు.

"పేపరు మీద పడనివ్వనండి. లోపలికి పంపండి."

ఆవిడ లోపలికి వెళ్లిందో లేదో, అన్నయ్య ఇనప రాడ్డుతో టాక్సీ దిగాడు. గేటుకి అడ్డం నిలబడ్డాను.

"తప్పుకోరా!"

"తప్పుకోనన్నయ్యా."

రాడ్డు నా భుజం మీద పడింది. లోపల ఎముక విరిగినట్టు తెలిసింది. రెండో చేత్తో అతని మూతి పగలగొట్టాను. బుద్ధెరిగాక అన్నయ్య మీద చెయ్యెత్తడం అదే మొదలు. మట్టిలో పడి కొట్టుకుంటుంటే వాచ్‌మన్ విడదీసి, గేటుకి తాళం వేశాడు.

గంట కొట్టాక వదిన బయటికొచ్చింది. నుదుటి మీద రక్తం ఎండిపోయి ఉంది. పన్నూడి అన్నయ్యా, చెయ్యి ఎత్తలేక నేనూ గోడ వార కూర్చున్నాం. ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"పోయినేడు తప్పిన పేపరు మధ్యాహ్నం ఉందండి" అంది. "ఇద్దరూ ఇక్కడే కూర్చోండి."

కుళాయి దగ్గర మొహం కడుక్కుని మళ్లీ లోపలికి వెళ్లింది.